బంకులో పెట్రోలు ఆవిరి పీల్చి జబ్బు పడితే ఓనరు బాధ్యుడు కాదా?

ప్రశ్న: మా ఆయన వయసు 40. సూర్యాపేట దగ్గర హైవే బంకులో ఎనిమిదేళ్లు పెట్రోలు పట్టారు. ట్యాంకరు వస్తే మూత తీసి, పెట్రోలు ఎంతుందో కొలిచే డిప్ రాడ్ వేసేదీ ఆయనే. 2025 జూలైలో మంచం పట్టారు. అప్లాస్టిక్ ఎనీమియా అన్నారు డాక్టర్లు. జీతం 13,000. ‘ఇదేమన్నా యాక్సిడెంటా?’ అంటున్నాడు ఓనరు. యాభై వేలిస్తా, కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. పెట్టమంటారా?

జవాబు: పెట్టకండమ్మా. పరిహారం వదులుకుంటున్నానని రాసిచ్చినా 1923 ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. కానీ చెల్లదని తేల్చుకోవడానికి మళ్లీ మీరే తిరగాలి.

యాక్సిడెంట్ కాదన్న మాట నిలవదు. మన పెట్రోలులో ఒక శాతం దాకా బెంజీన్ అనే రసాయనం ఉండొచ్చు. అది ఎముకల్లోని మూలుగను దెబ్బతీసి, రక్తం తయారు కాకుండా చేస్తుంది. అప్లాస్టిక్ ఎనీమియా అంటే అదే. బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు ఆ చట్టం మూడో షెడ్యూలు ‘బి’ భాగంలోనే ఉన్నాయి. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు ఆగకుండా అలాంటి పని చేసినవారికి ఆ జబ్బొస్తే, ప్రమాదం జరిగినట్టే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది ఓనరే. ‘బీడీలు తాగేవాడు’ అంటాడు, చూడండి. బీడీ పొగలోనూ బెంజీన్ ఉంటుంది మరి. అననివ్వండి, రుజువు భారం మాత్రం అతనిదే.

మీ పని రెండు విషయాలు చూపడం: బంకులో పనిచేశారని, జబ్బు ఇదేనని. అపాయింట్‌మెంట్ లెటర్ ఎలాగూ ఇచ్చి ఉండరు. ఫోన్‌పేలో పడ్డ జీతం, షిఫ్టు చార్టు ఫోటో, యూనిఫాం, తోటి కుర్రాళ్ల సాక్ష్యం పనికొస్తాయి. ఆసుపత్రి కేస్ షీటులో ‘ఎనిమిదేళ్లు పెట్రోలు బంకులో పని’ అని డాక్టరుగారితో తప్పక రాయించండి. చాలా కేసులు ఆ ఒక్క లైను లేకే నీరుగారిపోతాయి.

ఇక పని చేయలేరని తేలితే పరిహారం జీతంలో 60 శాతం, అంటే 7,800. దాన్ని ఆ చట్టం పట్టికలో 40 ఏళ్ల వయసుకు ఇచ్చిన 184.17 అనే అంకెతో హెచ్చిస్తే 14,36,526 రూపాయలు. వైద్యం ఖర్చులు దీనికి అదనం. యాభై వేలెక్కడ, ఇదెక్కడ?

ఈ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. మీవారు అంతకుముందే పడిపోయారు కనుక పాత చట్టం కిందే అడగండి. పనికి వెళ్లలేకపోయిన మొదటి రోజు నుంచి రెండేళ్లు గడువు, అంటే 2027 జూలై. దరఖాస్తు కార్మిక శాఖలోని పరిహార కమిషనర్‌కు ఇవ్వాలి. అంతకన్నా ముందు ఒకటి చూడండి: జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) కోత పడేదా? పడితే అడగాల్సింది ఓనరును కాదు, ఈఎస్ఐ ఆఫీసును.