నిమ్మకాయ కోస్తే రక్తం కారేది ఎలా?

చేతబడి తీస్తామనేవాళ్ల కిటుకు ఎక్కువసార్లు కత్తిలో ఉంటుంది, కాయలో కాదు. ఎర్ర మందార రేకలు నాలుగైదు కత్తికి రెండు పక్కలా గట్టిగా రుద్ది ఆరనివ్వండి. పూత మామూలు మరకలా కనిపిస్తుంది, ఎవరూ పట్టించుకోరు. నిమ్మరసంలోని ఆమ్లం తగలగానే పూతలోని ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఎర్రబడి కారుతుంది. రేకలు చాలకపోతే లేత గులాబీ రంగే వస్తుంది. ఆరకముందే పట్టుకుంటే చేతికి అంటుకుని గుట్టు రట్టవుతుంది.

ఈ మోసాన్ని పట్టుకోవాలంటే ఆ ‘రక్తం’లో వంటసోడా వేయండి, పొంగడం ఆగేదాకా. మందార రసమైతే ఎరుపు పోయి ఊదా, నీలం వైపు మళ్లుతుంది. అసలు రక్తమైతే అలా నీలంగా మారదు. సిరంజితో కాయలోకే రంగు ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అందుకే కత్తి ఒక్కటే మార్చి ఊరుకోకండి, కాయా మీదే ఇవ్వండి. ‘అపచారం’ అని కోయనంటే, అదీ ఒక ఫలితమే.