పాత ధారావాహికలు, కొత్త తెరలు

ప్రశ్న: మేము ఇటీవల 4కె టీవీ కొన్నాము. కొత్త కార్యక్రమాలు ఎంతో స్పష్టంగా వస్తున్నాయి. కానీ మా అమ్మగారు ఇష్టపడే దూరదర్శన్ నాటి ధారావాహికలు పెడితే బొమ్మ అలుక్కుపోయినట్టుగా ఉంటోంది, మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ఆ రోజుల్లో ఇవి బాగానే ఉండేవని అమ్మ అంటున్నారు. లోపం టీవీలో ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ టీవీలో లోపం లేదు, మీ అమ్మగారు చెప్పినదీ నిజమే. 1982లో మన దేశంలో మొదలైన రంగుల ప్రసారాలు పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో సాగాయి. అందులో ఒక్కో ఫ్రేముకు 625 గీతలు ఉంటే, వాటిలో బొమ్మ కనిపించేవి 576 మాత్రమే. డిజిటల్ లెక్కలో అది సుమారు 4.15 లక్షల పిక్సెళ్లకు, అంటే బొమ్మను ఏర్పరిచే చుక్కలకు సమానం. మీ 4కె తెరలో ఉన్నవి దాదాపు 83 లక్షలు. అంటే తెర నిండాలంటే ప్రతి పాత పిక్సెల్‌కూ 20 పిక్సెళ్ల చోటును టీవీ తన అంచనాతో పూరించుకోవాలి.

అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఆనాటి కెమెరా ఒక ఫ్రేమును బేసి గీతలు, సరి గీతలుగా విడదీసి, సెకనుకు 50 సగాలుగా పంపేది; పిక్చర్ ట్యూబు టీవీ కూడా వాటిని అదే వరుసలో గీసేది కాబట్టి, చిన్న తెర మీద గీతల అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బొమ్మ నిండుగా కనిపించేది. నేటి తెర ఫ్రేమును మొత్తంగా చూపుతుంది కనుక ఆ రెండు సగాలనూ అతికించవలసి వస్తుంది. ఆ పని సరిగా జరగకపోతే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా విడిపోతాయి.

మనుషులు లావుగా కనిపించడానికి కారణం 4:3 వెడల్పు-ఎత్తు నిష్పత్తిలో ఉన్న బొమ్మను 16:9 తెరకు సాగదీయడమే. సెట్టింగులలో 4:3 ఎంచుకోండి. పక్కన నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి. షార్ప్‌నెస్ బాగా తగ్గించి, కదలికను నునుపు చేసే సదుపాయాన్ని ఆపివేయండి.

ప్రశ్న: అదే కాలపు అమెరికా ధారావాహికలు కొన్ని హెచ్‌డీలో చక్కగా ఉంటున్నాయి. మనవి అలా ఎందుకు ఉండవు?
– ఒక పాఠకుడు, వరంగల్లు

జవాబు: అది దేశాన్ని బట్టి కాదు, దేని మీద చిత్రీకరించారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1987లో మొదలైన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్'ను 35 ఎంఎం ఫిల్ము మీద తీసి, కూర్పు మాత్రం వీడియో టేపు మీద చేశారు. నెగెటివ్‌లు భద్రంగా ఉన్నందువల్లనే, వాటిని మళ్లీ స్కాన్ చేసి, ప్రతి భాగాన్నీ కొత్తగా కూర్చి 2012 నుంచి బ్లూ-రేలో విడుదల చేయగలిగారు. నేరుగా వీడియో టేపు మీద తీసిన వాటికి, అవి ఏ దేశానివైనా, వెనక్కి వెళ్లి తెచ్చుకోవడానికి అంతకు మించిన వివరం లేదు. కృత్రిమ మేధతో పదును పెట్టిన ప్రతులలో ముఖాలు తరచూ మైనం పూసినట్టు కనిపించేది ఇందుకే. అటువంటి వాటికంటే అసలు టేపు ప్రతి చూడడమే మేలని నా అభిప్రాయం.

ఫిల్ము ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందనీ కాదు. 'సైన్‌ఫెల్డ్' అనే అమెరికా హాస్య ధారావాహికను వెడల్పు తెర కోసం పైనా కిందా కత్తిరించినప్పుడు, 1997 నాటి ఒక భాగంలో పాత్రలు చర్చించుకునే రోడ్డు గుంతే చట్రం బయటికి పోయింది. దర్శకుడు కూర్చిన చట్రాన్ని తెర తయారీదారులు గానీ ప్రసారకులు గానీ మార్చకూడదని నా అభిప్రాయం.