డేటా అందిన వేళ కాదు, కొలత తీసిన వేళ

చిరంజీవికి,

మల్లేశ్వరం నుంచి మామయ్య ఆశీస్సులు.

నాలుగు సెన్సర్ల సీరియల్ డేటా (తీగ మీద ఒక్కో బిట్టుగా వచ్చే డేటా) వేళల్లో ఒకదానితో ఒకటి కలవడం లేదని నిన్న ఫోనులో బాధపడ్డావు. రాత్రంతా అదే ఆలోచించాను. ప్రోగ్రాంలో తప్పు వెతకడం ఇక ఆపు. కంప్యూటర్‌కు డేటా అందిన సమయాన్నే కొలత తీసిన సమయంగా రాసుకుంటున్నావు. చిక్కంతా అక్కడే.

లెక్క వేసి చూడు. 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంలో స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి బైటుకు 10 బిట్లు, అంటే సుమారు 87 మైక్రోసెకన్లు. 40 బైట్ల ప్యాకెట్ తీగ దాటడానికే మూడున్నర మిల్లీసెకన్లు పడుతుంది. ఆపైన యూఎస్‌బీ అడాప్టర్ బైట్లను పోగుచేసి పంపుతుంది. కొన్ని డ్రైవర్లలో ఆ నిరీక్షణ 16 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. ఈ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ప్రతిసారీ ఒకే విలువను తీసివేసి సరిచేయడం కుదరదు.

ఒక కంపన పరీక్షలో నేనూ మూడు వారాలు సెన్సర్లనే అనుమానించాను, రెండు బోర్డులు మార్పించాను. చివరికి ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాలను తెర మీద గీసి చూపే పరికరం) ప్రోబు ఒకటి కొలతను మొదలుపెట్టించే ట్రిగ్గర్ తీగ మీద, మరొకటి డేటా తీగ మీద పెట్టగానే పది నిమిషాల్లో సంగతి తేలిపోయింది. ఆ మూడు వారాలు నీకు వృథా కాకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

బయటి నుంచి ఒకే పల్సును (క్షణకాలపు విద్యుత్ సంకేతాన్ని) నాలుగు సెన్సర్ బోర్డులకూ ఇవ్వు. జీపీఎస్ రిసీవర్ సెకనుకొకసారి ఇచ్చే పీపీఎస్ పల్సు చాలు. దాన్ని మైక్రోకంట్రోలర్‌లో టైమర్ ఇన్‌పుట్ క్యాప్చర్ పిన్నుకే కలుపు. మామూలు పిన్నుకు కలిపి ఇంటరప్ట్‌లో (నడుస్తున్న ప్రోగ్రాంను ఆపి మధ్యలో చేసే పనిలో) సమయం చదివితే, అప్పటికే మరో ఇంటరప్ట్ నడుస్తున్నప్పుడు నీది తన వంతు వచ్చేదాకా ఆగాలి. క్యాప్చర్‌లో అయితే పల్సు అంచు తగిలిన క్షణాన కౌంటర్ విలువను హార్డ్‌వేరే పట్టి ఉంచుతుంది, ప్రోగ్రాం తీరిగ్గా చదువుకోవచ్చు. ప్రతి ప్యాకెట్‌లోనూ పల్సు సంఖ్యనూ, ఆ పల్సు తర్వాత ఎన్ని టిక్కులకు (బోర్డు గడియారం లెక్కలకు) కొలత తీశారో ఆ అంకెనూ పంపించు. ఇక ప్యాకెట్ ఎంత ఆలస్యంగా చేరినా నీకు నష్టం లేదు.

మొదట ఒక్క పల్సు ఇచ్చి వదిలేద్దామన్నావు. అది చాలదు. బోర్డు గడియారాన్ని నడిపే 50 పీపీఎం (పది లక్షలకు 50 వంతుల తేడా) క్రిస్టల్ గంటకు 180 మిల్లీసెకన్ల దాకా తప్పగలదు. రెండు పల్సుల మధ్య ఎన్ని టిక్కులు వచ్చాయో ప్రతి సెకనూ లెక్కించు. ఆ బోర్డు గడియారం అసలు వేగం అదే.

జీపీఎస్ వేళ చెప్పే సీరియల్ వాక్యం సాధారణంగా పల్సు దాటిన తర్వాత వస్తుంది. దాన్ని తర్వాతి పల్సుకు అంటగడితే సరిగ్గా ఒక సెకను తేడా వస్తుంది. రిసీవర్‌తో వచ్చే వివరాల పుస్తకంలో ఇది తప్పక చూసుకో.

ఆర్‌ఎస్-232 తీగను 3.3 వోల్టుల పిన్నుకు నేరుగా కలపవద్దు, పిన్ను కాలిపోవచ్చు. గ్రౌండు అన్నిటికీ ఒకటిగా ఉండాలి. పల్సు అంచు మసకగా ఉంటే, దాన్ని పదునుగా చేయడానికి బెంగళూరు ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో 74హెచ్‌సీ14 చిప్పు కొనుక్కురా.

శనివారం బోర్డులు తీసుకుని ఇంటికి రా. స్కోపు సిద్ధంగా ఉంచుతాను.

మీ మామయ్య