పార్కిన్సన్స్‌లో వాసన పోవడం: ఆ సంగతి నాకే తెలియలేదు

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ (వణుకు వచ్చి, కదలికలు మందగించే నాడుల జబ్బు) అని ఈ మధ్యే తేలిందనీ, ఆయనకు చాలా ఏళ్ళ నుంచే వాసనలు సరిగా తెలియడం లేదని ఇప్పుడు ఇంట్లో అందరికీ గుర్తొస్తోందనీ రాశారు. ఈ రెండిటికీ సంబంధం ఉందా, మందులు వాడితే వాసన తిరిగి వస్తుందా, మీకూ కొన్నాళ్ళుగా వాసన తగ్గినట్టుంది కాబట్టి మీరూ భయపడాలా అన్నవి మీ ప్రశ్నలు. నేను డాక్టర్ని కాను, ఎనిమిదేళ్ళుగా ఈ జబ్బుతో ఉన్నవాణ్ణి. మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి దాదాపు లేదనే చెప్పాలి. మూడోది ఒక్క మాటలో తేలేది కాదు, చివర్లో చెబుతాను.

నా చెయ్యి వణకడం మొదలవడానికి నాలుగైదేళ్ళ ముందు మాట. నేను వంటింట్లోనే బల్ల దగ్గర కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. పొయ్యి మీద గిన్నె మాడిపోతోంది. మా ఆవిడ ఎక్కడో వెనక గదిలోంచి పరుగున వచ్చి పొయ్యి ఆపి, "ఏమండీ, పక్కనే ఉన్నారు కదా, ఇల్లంతా మాడు వాసన కొడుతుంటే తెలియలేదా?" అంది. పేపర్లో పడిపోయి గమనించలేదన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా. తర్వాత చెత్తబుట్ట దగ్గర, విరిగిన పాల దగ్గర, రెండోరోజు కూడా వేసుకున్న చొక్కా దగ్గర ఇదే గొడవ. ఈయనకు ఏదీ పట్టదని ఇంట్లో పేరు పడిపోయింది. కొన్నాళ్ళకు నేనూ ఆ మాటే నమ్మేశాను.

చెయ్యి వణుకుతోందని న్యూరాలజిస్టు దగ్గరికి వెళితే, ఆయన నడిపించి, రాయించి, వేళ్ళు ఆడించమని చూసి, చివర్లో "వాసన తెలుస్తోందా?" అని అడిగారు. "బ్రహ్మాండంగా తెలుస్తుంది" అన్నాను. మా ఆవిడ నావైపు అదోలా చూసింది. కళ్ళు మూసుకోమని చెప్పి ముక్కు కింద ఒక చిన్న సీసా పెట్టారు. ఏదో ఉన్నట్టనిపించింది కానీ అదేమిటో నోటికి రాలేదు. రెండో సీసా పెట్టగానే నన్ను పరీక్షిస్తున్నారనుకుని, "ఇది ఖాళీ సీసా కదండీ" అన్నాను, తెలివిగా. కళ్ళు తెరిచి చూస్తే కాఫీ పొడి.

ఇంటికి వచ్చే దారిలో మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. గిన్నె మాడిన రోజు ఇద్దరికీ గుర్తొస్తోందని మాత్రం తెలుసు.

ఇందులో నా ప్రత్యేకత ఏమీ లేదని తర్వాత అర్థమైంది. పరీక్ష చేసి చూస్తే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళలో 70 నుంచి 90 శాతం మందికి వాసన బాగా తగ్గి ఉంటుంది. అయితే అడిగితే చాలామంది బాగానే ఉందంటారు. చూపు మందగిస్తే గడపకు కాలు తగులుతుంది. వాసన అలా కాదు, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా జారిపోతుంది. పైగా కప్పు కనపడగానే కాఫీ వాసన వచ్చినట్టే ఉంటుంది నాకు, కళ్ళూ జ్ఞాపకమూ కలిసి ఆ పని చేసేస్తాయేమో. అందుకే మీ నాన్నగారిని "వాసన తెలుస్తోందా నాన్నా" అని అడిగి ఊరుకోవద్దు.

డాక్టర్లు కూడా దీన్ని చాలా ఆలస్యంగా పట్టుకున్నారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడు, ఇంద్రియాలకూ బుద్ధికీ ఏ లోపమూ రాదని నిర్వచనంలోనే చేర్చేశాడు. ఆయన్ను తప్పుపట్టలేం, ఆయన చూసింది ఆరుగురినే, అందులో కొందరిని వీధిలో నడుస్తుండగా చూశాడు. వాసన సంగతి మీద చెప్పుకోదగ్గ పరిశోధన 1975లో గానీ రాలేదు. 1984లో అమెరికాలో రిచర్డ్ డోటీ బృందం, గోకితే వాసన వచ్చే కాగితాలతో 40 వాసనల పరీక్ష ఒకటి తయారుచేశాక లెక్కలు తీయడం తేలికైంది. ఇప్పుడు నిర్ధారణకు సాయపడే గుర్తుల్లో ఇదీ ఒకటి. వణుకు ఉండే వేరే జబ్బులు కొన్నిటిలో వాసన మామూలుగానే ఉంటుంది కాబట్టి, ఇదా అదా అని తేల్చుకోవడానికి డాక్టరుకు ఇది పనికొస్తుంది.

ముందుగా ముక్కే ఎందుకు? పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీను నాడీకణాల్లో ముద్దలు ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్దలు ముందు కనిపించే చోట్లలో ఒకటి ముక్కు నుంచి వాసన సమాచారం అందుకునే భాగం (మెదడు అడుగున చిన్న ఉబ్బులా ఉంటుంది), రెండోది మెదడు కాండంలో కింది భాగం అని 2003లో హైకో బ్రాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త బృందం చెప్పింది. కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాల దాకా అది చేరేది తర్వాత. అందరిలోనూ అదే వరస ఉండదు కానీ, నా విషయంలో సరిగ్గా అతికినట్టు సరిపోయింది. మలబద్ధకం కూడా నాకు వణుకు కంటే ముందే వచ్చింది. అప్పట్లో దాన్ని వయసు మీదికి తోసేశాను.

మందుల సంగతి. లెవోడోపా (మెదడులో డోపమైన్ కొరత తీర్చే మందు) వేసుకుంటే కాసేపటికి నా చెయ్యి కుదుటపడుతుంది, అడుగులు కాస్త పెద్దవవుతాయి. ముక్కులో మాత్రం చలనం లేదు. మోతాదు పెంచినప్పుడు ముక్కు కూడా తెరుచుకుంటుందేమోనని కొన్నాళ్ళు ఆశపడ్డాను. వాసన పోవడానికి డోపమైన్ కొరత కారణం కాదనీ, కాబట్టి ఆ మందు దాన్ని తిరిగి తేదనీ డాక్టరు నిదానంగా చెప్పారు.

వాసన శిక్షణ అని ఒకటుంది. జర్మనీలో థామస్ హుమ్మెల్ బృందం 2009లో వెలుగులోకి తెచ్చింది: గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం, ఈ నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, ఒక్కోదాన్ని కొన్ని క్షణాలపాటు మనసు పెట్టి పీల్చడం. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ చేత పన్నెండు వారాలు చేయిస్తే కొంత మెరుగుదల కనిపించిందని 2013లో ఒక పరిశోధన వచ్చింది. నేను ఐదు నెలలు చేశాను. నిమ్మ ఇప్పుడు ముక్కుకు లీలగా తగులుతుంది, యూకలిప్టస్ ఘాటు తెలుస్తుంది (అది వాసనో, ముక్కులో చల్లదనమో చెప్పలేను). గులాబీ సీసా మాత్రం నాకు నీళ్ళ సీసాయే. నష్టమేమీ లేదు కాబట్టి ప్రయత్నించమనే చెబుతాను, కానీ అద్భుతాలు ఆశించకండి.

నా దృష్టిలో మీరు అసలు కంగారు పడాల్సింది గ్యాస్ విషయంలో. వంటగ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని అందులో ఘాటైన రసాయనం కలుపుతారు. ఆ ఏర్పాటంతా ముక్కు పనిచేసేవాళ్ళ కోసం. ఇంట్లో శబ్దం చేసే గ్యాస్ అలారం, పొగ అలారం పెట్టించండి. మీ నాన్నగారు ఒంటరిగా ఉండే సమయం ఉంటే ఇంకా తొందరగా. తిండి చెడిందో లేదో వాసన చూసి తేల్చే పని ఆయనకు అప్పజెప్పకండి, తేదీ చూసి పారేయడమే. రుచి తెలియడం లేదని ఉప్పు పెంచుతూ పోతే రక్తపోటుకు మంచిది కాదు. తిండి మీద ఇష్టం తగ్గి బరువు తగ్గిపోయేవాళ్ళూ ఉన్నారు, నెలకోసారి బరువు చూడండి. స్నానం, బట్టలు నాకిప్పుడు టైమ్‌టేబుల్ ప్రకారమే. ఈ జబ్బులో చెమట, చర్మం మీద జిడ్డు పెరగొచ్చు, అది మనకు తెలియదు, ఎదుటివాళ్ళు మొహమాటానికి చెప్పరు.

ఆ జిడ్డు మాటకు వస్తే, స్కాట్లండ్‌లో జాయ్ మిల్న్ అనే నర్సు ఉన్నారు. భర్తకు ఈ జబ్బు బయటపడడానికి పన్నెండేళ్ళు ముందే ఆయన ఒంటి వాసన మారిందని ఆమె ముక్కు పట్టేసింది. ఆ జిడ్డులో ఏముందో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇప్పటికీ పరిశోధిస్తున్నారు. మా ముక్కులు చూస్తే అలా, ఆవిడ ముక్కు చూస్తే ఇలా.

ఇంకొకటి. ఒక్కోసారి లేని వాసనలు వస్తాయి. నాకు పొగ. అర్ధరాత్రి లేచి వంటిల్లంతా చూసి వచ్చిన రోజులున్నాయి. మీ నాన్నగారు అలాంటిదేదైనా చెబితే కొట్టిపారేయకుండా ఓసారి వెళ్ళి చూసి, ఏమీ లేదని చెప్పండి. తర్వాత డాక్టరు చెవిన కూడా వెయ్యండి.

ఇక మీ ముక్కు. జలుబు, సైనస్, ముక్కులో కండ పెరగడం, కోవిడ్, తలకు దెబ్బ, పొగాకు, వయసు, వీటన్నిటివల్లా వాసన తగ్గుతుంది. కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరు. అమెరికాలోని హవాయి దీవుల్లో, హొనొలులులో 2,267 మంది వృద్ధులకు వాసన పరీక్ష చేసి కొన్నేళ్ళు గమనించిన పరిశోధన 2008లో వచ్చింది. అట్టడుగు మార్కులు వచ్చినవాళ్ళకు, బాగా తెలిసినవాళ్ళతో పోలిస్తే తర్వాతి నాలుగేళ్ళలో పార్కిన్సన్స్ వచ్చే అవకాశం సుమారు ఐదు రెట్లు. ఈ "ఐదు రెట్లు" దగ్గరే అందరూ ఆగిపోతారు. మొత్తం మీద జబ్బు వచ్చింది 35 మందికే. పార్కిన్సన్స్ చాలామందిలో తండ్రి నుంచి కొడుక్కి నేరుగా దిగే జబ్బు కూడా కాదు. వాసన తగ్గడంతో పాటు నిద్రలో కలలకు తగ్గట్టు చేతులు కాళ్ళు విసరడం, అరవడం, వదలని మలబద్ధకం ఉంటే మాత్రం న్యూరాలజిస్టుకు చెప్పండి. వాసన ఒక్కటే పట్టుకుని రాత్రంతా టెన్షన్ పడడం నేనైతే చెయ్యను. ముందే తెలిసినా జబ్బును ఆపేదని తేలిన మందు ఇప్పటికి లేదు.

మీ నాన్నగారిని కళ్ళు మూసుకోమని, సబ్బు, కాఫీ పొడి, నిమ్మతొక్క ఒక్కొక్కటే సీసాలో వేసి వాసన చూపించండి. మధ్యలో ఒక ఖాళీ సీసా కూడా పెట్టండి. ఆ సమయంలో మీ అమ్మగారు పక్కనే ఉండేట్టు చూసుకోండి. ఇన్నేళ్ళూ ఆయనతో ఏ విషయాల మీద గొడవపడ్డారో ఆవిడకు గుర్తుంటుంది.