హైదరాబాద్ బీరు రుచి చెడేది ఫ్యాక్టరీలో కాదు, ఎండలో

అడిగిన ప్రశ్న: ఒకే బ్రాండు బీరు గోవాలో ఒకలా, హైదరాబాద్‌లో ఇంకోలా ఎందుకుంటుంది? విదేశీ కంపెనీలు మనకు నాసిరకం సరుకు పంపుతాయా? గ్లిసరిన్ కలుపుతారన్నది నిజమేనా?

ముందు గ్లిసరిన్ సంగతి. ఈ అపోహ వల్ల రోజూ ఎంత మంచి బీరు పాడవుతోందో! సీసాను నీళ్ల గ్లాసులో బోర్లించి ముంచితే మెడలోంచి దారాల్లా ఏదో కిందికి జారుతుంది. అదే గ్లిసరిన్ అంటారు. కాదు, అది బీరే. పులిసిన తర్వాత కూడా బీరులో కొంత పిండిపదార్థం మిగులుతుంది కాబట్టి మామూలుగా అది నీటికన్నా పిసరంత బరువు. బరువైనది కిందికి దిగితే ఆ ఖాళీలోకి గ్లాసులో నీళ్లు ఎక్కుతాయి. అంటే చేతులారా బీరులో నల్లా నీళ్లు కలుపుతున్నారు. గ్లిసరిన్ ఉండే మాట మాత్రం నిజం. పులిసేటప్పుడు ఈస్టే దాన్ని పుట్టిస్తుంది, లీటరుకి ఒకటి నుంచి మూడు గ్రాముల దాకా. ఏ దేశపు బీరులోనైనా ఉండేదే. పూర్తిగా కరిగి ఉంటుంది, బోర్లిస్తే విడిపోదు.

ఇక "పంపడం" అనే మాట. ఇక్కడ అమ్ముడయ్యే బీరు ఎక్కువ భాగం సంగారెడ్డి జిల్లా బ్రూవరీల్లో కాచినదే. కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్‌లో హైనెకెన్ వాటా 2021లో 61 శాతం దాటింది. బడ్‌వైజర్, నాకౌట్ బెల్జియం కంపెనీ ఏబీ ఇన్‌బెవ్‌వి. 2016లో శాబ్‌మిల్లర్‌ని కొన్నప్పుడు నాకౌట్ దాని చేతికొచ్చింది. కార్ల్స్‌బర్గ్, టుబోర్గ్ డెన్మార్క్ కంపెనీవి. ఇంత పెద్ద కంపెనీలు తెలంగాణకని వేరే నాసిరకం బీరు కాయవు. ఊరికో రుచి వస్తే బ్రాండుకే నష్టం.

నీళ్లు కలుపుతారన్న మాటలో కొంత నిజముంది, కానీ అది మోసం కాదు. పెద్ద బ్రూవరీలు బీరును చిక్కగా కాచి పులియబెట్టి, సీసాలో నింపేముందు అమ్మే గాఢతకు పలుచన చేస్తాయి. అవే ట్యాంకుల్లో ఎక్కువ బీరు వస్తుంది. ఆ నీళ్లలోంచి ముందే గాలి తీసేయాలి, ఎందుకంటే ఆక్సిజనే బీరుకి శత్రువు. నింపి మూత బిగించాక సీసాలు పాశ్చరైజర్ సొరంగంలోంచి, అంటే వేడితో సూక్ష్మజీవులను చంపే యంత్రంలోంచి వెళ్తాయి. మెల్లగా 60 డిగ్రీలకు ఎక్కించి, కొన్ని నిమిషాలు ఉంచి, మళ్లీ మెల్లగా దించుతారు. తొందరపడితే సీసాలు పగులుతాయి. ఇక్కడిదాకా హైదరాబాద్‌కీ గోవాకీ తేడా ఏమీ లేదు.

తేడా గేటు దాటాక మొదలవుతుంది. బ్రూవరీల వాళ్లు ఒక మోటు లెక్క వాడతారు: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరుకి ఒకటే ముసలితనం తెస్తాయి. మే నెలలో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది. లారీలో, గోదాములో, వైన్స్ ముందు ఎండలో పేర్చిన అట్టపెట్టెల్లో రెండు వారాలు గడిపిన సీసా నోటికి తడిసిన అట్ట వాసన కొడుతుంది. వెలుతురు దెబ్బ ఇంకోటి. ఎండలోని నీలి కాంతి, బీరుకి చేదునిచ్చే హాప్స్ పూల చేదును విరగ్గొట్టి గంధకపు కంపు పుట్టిస్తుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపదు, తెల్ల సీసా అసలు ఆపదు. తెల్ల సీసాలను అద్దాల ఫ్రిజ్ ముందు వరసలో ట్యూబులైటు కింద నిలబెట్టడం చూస్తే బాధేస్తుంది.

మధ్యలో దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఇక్కడ కంపెనీకి కొనే వాడు ఒక్కడే, రాష్ట్ర బెవరేజెస్ కార్పొరేషన్. షాపులు, బార్లు కార్పొరేషన్ డిపోల నుంచే ఎత్తుకోవాలి. కంపెనీకి ముట్టే రేటూ ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2025 జనవరి గుర్తుందిగా? 2019-20 నుంచి రేటు పెంచలేదు, బకాయిలు పేరుకున్నాయి అంటూ యునైటెడ్ బ్రూవరీస్ 8వ తేదీన సరఫరా ఆపేసింది. వైన్స్‌కి వెళ్తే "కేఎఫ్ లేదన్నా" అన్న జవాబే. 20న మళ్లీ మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం 15 శాతం పెంచింది. అప్పుడంతా కంపెనీ బెదిరించిందా, ప్రభుత్వం వంగిందా అన్న గొడవే. డిపోలో సరుకు ఎన్ని రోజులు మగ్గుతోంది, ఏ వేడిలో మగ్గుతోంది అని అడిగినవాళ్లు కనిపించలేదు. తాగేవాడికి ముఖ్యమైన ప్రశ్న నా లెక్కలో అదే. పైగా కూలింగ్ పేరుతో ఎంఆర్‌పీ మీద పది, ఇరవై గుంజడం. అది చట్టప్రకారం తప్పు, ఇవ్వకండి.

గోవాలో చాలామంది తాగేది 330 మిల్లీలీటర్ల పింటు. తొందరగా చల్లబడుతుంది, వేడెక్కేలోపు అయిపోతుంది. ఇక్కడ 650 సీసాలో సగం గ్లాసులోకి వచ్చేసరికి మిగతా సగం వెచ్చబడుతుంది. ఒక్కరే అయితే పింటు అడగండి.

కొనేటప్పుడు లేబుల్ మీద తయారీ తేదీ చూడండి. ఆరు నెలల గడువని రాసినా, ఎండాకాలంలో రెండు నెలలు దాటినది వద్దనండి. ఫ్రిజ్ వెనక వరసలోది తీయించండి. సీసా చుట్టూ తెల్లటి గీతలు, అరిగిన పట్టీ కనిపిస్తే భయం లేదు. అది కడిగి మళ్లీ వాడిన సీసా అని గుర్తు, అంతే. మెడలో తెల్లటి వలయం కట్టినా, దీపం ముందు పెడితే పొరలు తేలినా వద్దనండి. ఇంటికొచ్చాక నిలబెట్టి 5 డిగ్రీల దగ్గర చల్లార్చండి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే మైనస్ 3 దాటాక గడ్డకట్టి సీసా పగులుతుంది. అలా గడ్డకట్టి కరిగిన బీరు పొగలా మసకబారితే, ఆ మసక మళ్లీ పోదు.