టైటిల్‌లో ‘1965 షెల్బీ’ అని ఉంటే అది అసలు కోబ్రా అయినట్టేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మేం డాలస్ దగ్గర ఉంటాం. నాకు చిన్నప్పటి నుంచి కార్లంటే పిచ్చి. ఇక్కడ ఒకాయన ‘1965 షెల్బీ కోబ్రా 427’ అని 92 వేల డాలర్లకి అమ్మకానికి పెట్టారు. డీలర్ కాదు, మామూలు వ్యక్తే. టెక్సాస్ టైటిల్ ఫొటో పంపారు, అందులో 1965 షెల్బీ అనే ఉంది. 2 వేలు డిపాజిట్ కట్టాను. బిల్ ఆఫ్ సేల్‌లో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని రాస్తామంటున్నారు. రేపు అది డూప్లికేట్ అని తేలితే నా డబ్బు వెనక్కి వస్తుందా? మూడు నాలుగేళ్లలో ఇండియా వెళ్లిపోదామని ఉంది, అప్పుడు ఈ కారుని హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

జవాబు: మిగతా 90 వేలు ఇంకా చేతిలోనే ఉన్నాయి కాబట్టి సరైన సమయంలోనే అడిగారు. ఇప్పుడైతే పది నిమిషాల పని, డబ్బు కట్టేశాక అయితే రెండు మూడేళ్లు కోర్టు చుట్టూ తిరగాలి.

టైటిల్ అనేది ఆ కారు ఎవరిది, దాని మీద అప్పు ఉందా లేదా అని చెప్పే కాగితం. ఆ కారు ఏ ఏడాది ఏ ఫ్యాక్టరీలో తయారైందో మోటారు వాహనాల శాఖ పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. విడిభాగాల కిట్ తెచ్చి ఇంటి గ్యారేజీలో బిగించుకున్న కార్లకి, బాడీ ఏ ఏడాది మోడల్‌ని పోలి ఉంటే ఆ ఏడాదినే మోడల్ ఇయర్‌గా రాసే పద్ధతి చాలాచోట్ల ఉంది. కొన్నిసార్లు పక్కన ‘రెప్లికా’ (నకలు) అని కూడా ఉంటుంది, కానీ కారు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మారి టైటిల్ కొత్తగా పుట్టినప్పుడు ఆ మాట కాస్తా జారిపోవచ్చు. అందుకని ‘1965 షెల్బీ’ అన్న రెండు మాటల్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఈ కారు విషయంలో కాగితానికి ఇంత గొడవ ఎందుకో అర్థం కావాలంటే అది ఎలా పుట్టిందో కాస్త తెలియాలి. కారల్ షెల్బీ మీ టెక్సాస్ మనిషే, 1923లో లీస్‌బర్గ్‌లో పుట్టారు. కోళ్ల ఫారం పెట్టి నష్టపోయి, రేసుల్లోకి వచ్చి, 1959లో రాయ్ సాల్వడోరీతో కలిసి ఆస్టన్ మార్టిన్ నడిపి లే మాన్ 24 గంటల రేసు గెలిచారు. గుండె జబ్బు ముదిరి నాలుక కింద మాత్ర పెట్టుకుని రేసు నడిపే స్థితి వచ్చేసరికి, 1960లో డ్రైవింగ్ మానేసి కార్లు తయారు చేయడం మీద పడ్డారు. ఆయన ఆలోచన చాలా సూటిగా ఉంటుంది: ఇంగ్లండ్‌లో ఏసీ కార్స్ అనే చిన్న కంపెనీ చేసే తేలికైన అల్యూమినియం బాడీలోకి అమెరికా ఫోర్డ్ వీ8 ఇంజిన్ దించడం. 1962లో మొదటి కోబ్రా తయారైంది, నంబరు సీఎస్ఎక్స్ 2000. పత్రికల వాళ్లు టెస్ట్ డ్రైవ్‌కి వచ్చిన ప్రతిసారీ ఆ ఒక్క కారుకే రంగు మార్చి ఇచ్చి, కార్లు వరసగా తయారైపోతున్నట్టు చూపించారు. ఆ కారే 2016లో మాంటెరే వేలంలో కోటీ 37 లక్షల 50 వేల డాలర్లకి పోయింది.

ఎవరో చేసిన బాడీ, ఇంకెవరో చేసిన ఇంజిన్, రెండూ కలిపి బిగించిన కారు కాబట్టి ఎవరైనా మళ్లీ బిగించవచ్చు, దశాబ్దాలుగా బిగిస్తూనే ఉన్నారు కూడా. 1960లలో అసలు కోబ్రాలు తయారైనవి సుమారు వెయ్యే, కానీ ఇవాళ రోడ్డు మీద కనిపించే వాటిలో అత్యధికం రెప్లికాలే. మసాచుసెట్స్‌లోని ఫ్యాక్టరీ ఫైవ్ లాంటి కంపెనీలు కిట్‌లు అమ్ముతాయి, సూపర్‌ఫార్మెన్స్ లాంటివి షెల్బీ లైసెన్సుతోనే ఇంజిన్ లేకుండా కారు అమ్ముతాయి. వీటిలో తప్పేమీ లేదు, చక్కటి కార్లు, బాగా చేసిన దానికి మంచి ధరే పలుకుతుంది. రెప్లికాని అసలుది అని అమ్మితేనే తప్పు.

వీటి మధ్యలో ఇంకో రకం ఉంది, జనం తికమకపడేది అక్కడే. 1990లలో షెల్బీ మళ్లీ కోబ్రాలు తయారు చేయించారు, సీఎస్ఎక్స్ 4000 నుంచి మొదలయ్యే నంబర్లతో. వాటిని కంటిన్యుయేషన్ కార్లు అంటారు. షెల్బీ కంపెనీవే, అసలైన షెల్బీలే, కానీ 1965వి కావు. అంతకు ముందు జరిగిన సంగతి ఇంకా ముఖ్యం. 1960లలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా మిగిలిపోయిన కార్లని చెప్పి, కాలిఫోర్నియా మోటారు వాహనాల శాఖ నుంచి 43 నంబర్లకి షెల్బీ డూప్లికేట్ టైటిళ్లు తీసుకున్నారు. వాటి చాసిస్‌లు (కారు కింది ఫ్రేములు) కొత్తగా చేయించినవని 1993లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ రాసింది, పెద్ద గొడవే అయింది. ఆయనంటే నాకు చాలా గౌరవం, అయినా ఈ ముక్క చెప్పక తప్పదు: సాక్షాత్తూ ఆ కారు పుట్టించిన మనిషి చేతి నుంచి వచ్చిన టైటిల్‌నే ముఖవిలువకి తీసుకోలేనప్పుడు, మీకు వాట్సాప్‌లో వచ్చిన ఫొటోని ఎలా తీసుకుంటాం?

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, డబ్బు వెనక్కి వస్తుందా అని. టెక్సాస్‌లో మీకు బలమైన చట్టమే ఉంది, డిసెప్టివ్ ట్రేడ్ ప్రాక్టీసెస్ యాక్ట్, లాయర్లందరం డీటీపీఏ అంటాం. ‘అమ్మినాయన డీలర్ కాదు కదా’ అని చాలామంది కేసే వేయకుండా వదిలేస్తారు. అది అపోహ. 1980లో పెన్నింగ్టన్ వర్సెస్ సింగిల్‌టన్ కేసులో ఒక మామూలు మనిషి తన పాత బోటు అమ్మిన వ్యవహారంలోనే, వ్యాపారం చేయని అమ్మకందారుకి కూడా ఈ చట్టం వర్తిస్తుందని టెక్సాస్ సుప్రీం కోర్టు చెప్పింది. వస్తువు ఫలానా రకం, ఫలానా నాణ్యత అని అబద్ధం చెప్పి అమ్మడం ఈ చట్టం కింద తప్పు. తెలిసే చేశాడని రుజువైతే ఆర్థిక నష్టానికి మూడు రెట్ల దాకా రావచ్చు, లాయర్ ఫీజు కూడా వస్తుంది. కేసుకి 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మోసం తెలిసిన లేదా తెలియాల్సిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఇది కాక అమ్మకాల చట్టం కింద, కాగితం మీద రాసిన వర్ణనే ఒక వారంటీ అవుతుంది. దానికి కారు చేతికొచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల గడువు.

‘యాజ్ ఈజ్’ అనే మాట చూసి మరీ భయపడకండి. ఇంజిన్ పొగ వదులుతోంది, గేరు పడడం లేదు లాంటి వాటికి అది అమ్మకందారుని కాపాడుతుంది. ‘ఇది 1965లో తయారైన అసలు కోబ్రా’ అని అదే కాగితంలో రాసి సంతకం పెట్టి, కింద యాజ్ ఈజ్ అన్నంత మాత్రాన ఆ వర్ణన చెరిగిపోదు. మోసపు మాటలతో సంతకం పెట్టిస్తే యాజ్ ఈజ్ షరతు కొనుగోలుదారుని కట్టిపడేయదని 1995లో ప్రుడెన్షియల్ కేసులో టెక్సాస్ సుప్రీం కోర్టు చెప్పింది.

ఇంతవరకూ మీ వైపు బాగానే ఉంది. మీ కేసులో బలహీనత ఎక్కడుందంటే, ధరలో. అసలు 427 కోబ్రా (427 అనేది ఇంజిన్ సైజు) ఇవాళ పది లక్షల డాలర్ల పైమాటే. మీకు 92 వేలకి ఇస్తామంటున్నారు. డీటీపీఏ కింద గెలవాలంటే మీరు ఆయన మాట నమ్మి కొన్నారని చూపించాలి, మోసం కేసు అయితే ఆ నమ్మకం సమంజసమైనదని కూడా చూపించాలి. కళ్లెదుట హెచ్చరికలు కనిపిస్తున్నా పట్టించుకోకుండా ముందుకెళ్లిన వాడి నమ్మకం సమంజసం కాదని 2018లో జేపీ మోర్గాన్ వర్సెస్ ఓర్కా కేసులో అదే కోర్టు తేల్చింది. అవతలి లాయర్ మిమ్మల్ని బోనులో నిలబెట్టి మొదట అడిగేది ఇదే: ‘కార్ల గురించి మీకు బాగా తెలుసన్నారు, పదో వంతు ధరకి అసలుది ఎవరైనా ఇస్తారా?’ ఇప్పుడు మీకు డౌట్ వచ్చింది, దాన్ని రాతపూర్వకంగా ఒక లాయర్ని అడిగారు కూడా. ఆ డౌట్ తీర్చుకోకుండా కొంటే, తర్వాత నమ్మి మోసపోయాను అనడం చాలా కష్టం. అందుకే కేసు గురించి ఆలోచించడం ఆపి, డౌట్ తీర్చుకునే పని చూడండి.

మొదట పూర్తి చాసిస్ నంబరు అడగండి, ఫొటోతో సహా. అసలు 427 అయితే సీఎస్ఎక్స్ 3తో మొదలయ్యే నాలుగంకెల నంబరు ఉండాలి. సీఎస్ఎక్స్ 2 అయితే ముందు తరం, లీఫ్ స్ప్రింగులది. టైటిల్ మీద వేరే రకం పొడుగాటి నంబరో, రాష్ట్రం కేటాయించిన నంబరో ఉంటే కథ అక్కడితో అయిపోయినట్టే, అది 1960ల అసలు కోబ్రా కాదనే అనుకోండి. నంబరు సరిగ్గా ఉంటే షెల్బీ అమెరికన్ ఆటోమొబైల్ క్లబ్ వాళ్ల రిజిస్ట్రీతో పోల్చి చూడండి. ఏ నంబరు కారు మొదట ఎవరికి అమ్మారు, ఎక్కడెక్కడ తిరిగింది అని వాళ్లు ఏళ్ల తరబడి నమోదు చేస్తున్నారు. ఒకే నంబరు చెప్పుకునే కార్లు రెండు ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి, అలాంటిది తగిలితే ముట్టుకోవద్దు.

తర్వాత కోబ్రాలు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లి కారుని లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూడండి. అసలు 427కి నాలుగంగుళాల మందం గొట్టాలు రెండు చాసిస్ పొడుగునా ఉంటాయి, నాలుగు చక్రాలకీ ఇండిపెండెంట్ సస్పెన్షన్, కాయిల్ స్ప్రింగులు. వెనక పాత మస్టాంగ్ నుంచి తీసిన ఒకే ముక్క యాక్సిల్ కనిపిస్తే ఇంక చూడాల్సింది లేదు. బానెట్ ఎత్తి లోపలి వైపు చేత్తో తడమండి, ఫైబర్‌గ్లాస్ అయితే గరుకుగా పీచు తగులుతుంది, అసలుది అల్యూమినియం రేకు. అయస్కాంతం పరీక్ష చేయమని కొందరు చెబుతారు, అది ఇక్కడ పనికిరాదు, రెండింటికీ అంటుకోదు. ఇంజిన్ చూసి నిర్ణయించకండి, 427 అని అమ్మిన అసలు కార్లలోనే కొన్నింటిలో 428 ఇంజిన్ బిగించారు.

ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. నంబరు ప్లేటు చెక్కినట్టు, రివెట్లు మార్చినట్టు, వేరే పాత కారు నంబరు తెచ్చి దీనికి అతికించినట్టు అనుమానం వస్తే ఎంత తగ్గించినా కొనవద్దు. గుర్తింపు నంబరు చెరిపేయడం, మార్చడం ఫెడరల్ నేరం. అలాంటి బండిని టెక్సాస్‌లో పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, మీకేమీ తెలియకపోయినా సరే కారు పోతుంది, డబ్బు కోసం ఆయన వెంట పడాల్సింది మీరే. మీ ఇన్సూరెన్స్ కూడా అంతే, 1965 అసలు కారు అని రాయించి రెప్లికా అని తేలితే క్లెయిమ్ దగ్గర అడ్డం పడతారు.

హైదరాబాద్ సంగతి. ఇండియా 2025లో 50 ఏళ్లు దాటిన వింటేజ్ వాహనాల దిగుమతికి దారి తెరిచింది. రిజిస్ట్రేషన్‌కి 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ప్రత్యేక భాగం చేర్చారు: కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజువారీ తిరగడానికి కుదరదు. కానీ వాహనం అసలు రూపంలోనే ఉండాలి, చాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చి ఉండకూడదు. నిజమైన 1965 కోబ్రాకి ఈ దారి ఉంది. ఏ 2004లోనో బిగించిన కిట్ కారుకి లేదు. మామూలు పాత కార్ల కోటాలో తెద్దామంటే మూడేళ్లకి మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. అంటే రెప్లికా అటు వింటేజ్‌లోకీ రాదు, ఇటు మామూలు సెకండ్ హ్యాండ్‌లోకీ రాదు. తీసుకెళ్లే ఉద్దేశం గట్టిగా ఉంటే రెప్లికా కొనకండి, లేదా వెళ్లేటప్పుడు ఇక్కడే అమ్మేసే లెక్కతో కొనండి.

ఇవాళే ఆయనకి ఒక మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడొద్దు, రాతలో ఉండాలి. ‘ఇది 1960లలో షెల్బీ అమెరికన్ తయారు చేసిన అసలు కారా, కంటిన్యుయేషనా, రెప్లికానా? చాసిస్ నంబరు ఎంత? నా మెకానిక్ చూసేదాకా డిపాజిట్ రీఫండబుల్ అని ఒప్పుకుంటారా?’ ఇంతే. ‘రెప్లికానే’ అని రాస్తే ఆ రేటు ఎంతవరకు న్యాయమో ఆ కిట్ మార్కెట్‌లో కనుక్కుని, బిల్ ఆఫ్ సేల్‌లో కూడా రెప్లికా అనే రాయించి కొనుక్కోండి, రేపు మీరు అమ్మేటప్పుడు ఇదే ప్రశ్న మీ మీదకి రాకుండా ఉంటుంది. ‘అసలుదే’ అని రాస్తే ఆ వాక్యాన్ని నంబరుతో సహా బిల్ ఆఫ్ సేల్‌లో పెట్టమనండి. పెట్టనంటే, లేదా ‘టైటిల్‌లో ఉంది కదా’ అని దాటేస్తే, డిపాజిట్ వెనక్కి అడగండి. ఇవ్వకపోతే ఆయన ఉన్న ప్రాంతపు జస్టిస్ కోర్టులో 20 వేల డాలర్ల లోపు వివాదాలు లాయర్ లేకుండానే వేసుకోవచ్చు, 2 వేలకి అది సరిపోతుంది. ఆయన పెట్టిన ప్రకటన స్క్రీన్‌షాట్, టైటిల్ ఫొటో, డబ్బు పంపిన రసీదు ఈ రాత్రికే భద్రం చేసి పెట్టుకోండి, ప్రకటనలు తీసేయడానికి నిమిషం పట్టదు.