వానకు గడ్డి కప్పు కురవదా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉండే మా అమ్మాయి నన్ను స్ట్రాట్‌ఫర్డ్ పక్కన షాటరీకి తీసుకెళ్లింది. షేక్‌స్పియర్ భార్య యాన్ హాతవే పుట్టిల్లు చూశాం. పైన గడ్డి కప్పు! ఆ దేశపు ముసురుకు ఇల్లు కురవదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కురవదమ్మా. ఇలాంటి కప్పుల వాలు దాదాపు 50 డిగ్రీలు ఉంటుంది, నీరు నిలవదు. పైపైన ఒకటి రెండు అంగుళాలే తడుస్తుంది, లోపలి గడ్డి పొడిగానే ఉంటుంది. చూరు గోడ దాటి ముందుకు వస్తుంది, అందుకే నీళ్లు గోడ మీద పడవు.

నన్నడిగితే, మీరు మేడమీది గదిలో వంపు తిరిగిన ఆ లావు దుంగల దగ్గర ఇంకాసేపు ఆగాల్సింది. ఇంటి పాత భాగం 1463 నాటిది. అప్పట్లో వంపున్న ఓకు మానును సాధారణంగా నిలువునా రెండుగా చీల్చి, ఆ జతను ఎదురెదురుగా నిలిపి కొప్పు దగ్గర కలిపేవారు. కప్పు బరువంతా వాటి మీదే. మధ్యలో తడిక అల్లి మట్టి మెత్తేవారు, అచ్చం మన పల్లెల్లో లాగే.

‘యాన్ హాతవే కాటేజీ’ అన్నది పేరుకే, 12 గదుల రైతు ఇల్లది! గడ్డికి వాన కంటే నిప్పే భయం. 1969లో ఒక భాగం కాలిపోతే మళ్లీ బాగుచేశారు.